ధ్రువోపాఖ్యానమున సురుచి

సవతి తల్లి యనగానే మనవారికి మొదట తోచు పేరు సురుచి. తండ్రి తొడ నెక్కబోయిన అయిదేండ్ల ధ్రువునితో, తన కడుపున పుట్టనివానికి ఆ భాగ్యము లేదని యామె పలికిన పరుషవాక్యములను పిల్లలు సైత మెఱుగుదురు. దోషమంతయు నామెపై మోపి, వెంటనే బాలుని తపస్సును వర్ణించుట మనకు పరిపాటి. పోతన భాగవతమున చతుర్థస్కంధమును నిదానముగా చదివినచో ఈ పరిపాటి న్యాయము కాదని తెలియును.

ఉత్తానపాదుడు సురుచి కుమారుడైన ఉత్తముని తొడపై నుంచుకొని లాలించుచుండెను. ధ్రువుడు దరికి రాగా ఆదరింపడయ్యెను. సురుచి నోరు విప్పకమున్నే జరిగిన తప్పిది. ఆమె నిందించునపుడు ఆయన వారింపలేదు. మాటలు సవతి తల్లివి. వానికి బలమిచ్చిన మౌనము తండ్రిది. పిదప నారదుడు వచ్చినపుడు, స్త్రీకి లోబడి నిర్దయుడనైతినని రాజు తానే యొప్పుకొనెను. సురుచి నిర్దోషి యని నా వాదము కాదు. ఆమె యొక్కతెయే దోషి కాదని మాత్రమే నా మనవి.

మనము సాధారణముగా చెప్పని భాగ మింకొకటి కలదు. మరలి వచ్చిన ధ్రువుడు తల్లులిద్దఱికిని మ్రొక్కెను. సురుచి తన పాదములపై వ్రాలిన బాలుని లేవనెత్తి, కౌగిలించుకొని, గద్గదస్వరముతో దీవించెను. కాలాంతరమున ఉత్తముడు వేటకేగి యక్షుని చేత మడియగా, ధ్రువుడు సోదరునికై అలకాపురిపై దండెత్తెను. తాతయగు మనువు వారించువఱకు పోరు మానలేదు. నాడు తొడపై చోటు దొరకని బిడ్డయే, ఆ చోట కూర్చుండిన వానికై ప్రాణములకు తెగించెను.

బళ్లారి నాటకకర్త ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ‘విషాద సారంగధర’లోనిదియు ఇట్టి కుటుంబమే. అందు రాజరాజనరేంద్రుడు చిత్రాంగి మాట నమ్మి, తగిన విచారణ లేక కన్నకొడుకును దండించెను. ఉత్తానపాదునకు పశ్చాత్తాపము ఫలించినది. ఈతనికి దిద్దుకొను వ్యవధి మిగులలేదు. ఇల్లు నిలుచుటకును కూలుటకును రెండు కథలయందును కీలకము తండ్రియే.

పునర్వివాహము జరిగిన యిండ్ల పిల్లలు మన తెలుగు బడులలోను గలరు. సురుచిని రాక్షసిగా చూపి పాఠము ముగించినపుడు అట్టి బిడ్డ యొకడు తల వంచుకొనుట నేను చూచితిని. తనకు అన్నము పెట్టుచున్న చేతిని గూర్చి ఆ బిడ్డ యేమని తలపవలెను? కావున ఉపాధ్యాయులును పెద్దలును ఈ కథను తండ్రి తొడకడ నాపక, ధ్రువుడు ఇల్లు చేరి సురుచి కౌగిట నొదుగువఱకు చెప్పవలెను.