తెర మీద తొలి కెరటం

జపాన్‌లోని పెద్ద స్టూడియోలు సినిమాకు ముందు చూపించే చిహ్నాల నిడివి కొన్ని సెకన్లే. కథతో వాటికి సంబంధం ఉండదు. అయినా కత్తియుద్ధాల సినిమాకూ, కుటుంబ కథకూ, పిల్లల బొమ్మల సినిమాకూ ఒకే ముద్ర దశాబ్దాల తరబడి ముందు నడవడంతో, అక్కడి ప్రేక్షకులు దాన్ని చూసే రాబోయే సినిమా వరసను ఊహించుకోవడం మొదలుపెట్టారు.

వీటిలో నిదానమైనది షోచికు సంస్థది. 1895లో కబుకి నాటకాల వ్యాపారంగా మొదలై 1920లో సినిమాల్లోకి వచ్చిన ఈ సంస్థ ఫుజి పర్వతాన్ని ఎంచుకుంది. మంచు కప్పిన శిఖరం, దానిమీద సంస్థ గుర్తు, అంతే. కాలాన్నిబట్టి ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ కొత్తగా తయారుచేసుకున్నారు గానీ కొండను వదల్లేదు. దర్శకుడు యసుజిరో ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953)లో ఈ ఫుజి తర్వాత ముతక గోనెగుడ్డ లాంటి నేపథ్యం మీద పేర్లు పడతాయి. దేశమంతా కొలిచే కొండ నుంచి ఇంటి మూల దొరికే గుడ్డకు దిగిరావడంలోనే ఓజు కథల కొలత తెలిసిపోతుంది.

రైల్వే వ్యాపారి ఇచిజో కొబయాషి 1932లో నెలకొల్పిన తోహోది వేరే దారి. గుండ్రని ముద్ర, దాని వెనక నుంచి నలుదిక్కులా విచ్చుకునే కాంతి కిరణాలు. దృశ్యం చిన్నదే అయినా ఆర్భాటం ఎక్కువ. 1954 నాటి ‘గాడ్జిల్లా’ ఈ ఆర్భాటాన్ని తెలివిగా వాడుకుంది. మొదట్లో పేర్లు పడేటప్పుడే బరువైన అడుగుల చప్పుడు, ఆ వెంటనే గర్జన వినిపిస్తాయి. అకిరా ఇఫుకుబె సంగీతం అందుకునేది ఆ తర్వాతే. రోజిను అనే చెట్టుబంక పట్టించిన తోలు చేతొడుగుతో డబుల్ బేస్ తీగను రాపాడించి ఆ గర్జన పుట్టించారు. గాడ్జిల్లా అనే ఆ రాక్షస జంతువు తెర మీదికి రావడానికి చాలాముందే భయం హాల్లోకి వచ్చేస్తుంది.

అన్నిటిలోనూ పనితనం ఎక్కువ కనబడేది తోయె ముద్రలో. 1951లో మూడు సంస్థలు ఏకమై ఏర్పడిన కంపెనీ ఇది. దాని చిహ్నంలో సముద్రపు కెరటం రాళ్లకు కొట్టుకుని నురుగై ఎగసిపడుతుంది, అందులోంచి ముక్కోణపు ముద్ర ముందుకొస్తుంది. ఆ రాళ్లు మూడూ కలిసిపోయిన మూడు సంస్థలకు గుర్తని చెబుతారు. చిబా ప్రాంతంలోని చోషి దగ్గర ఇనుబోసాకి అనే అగ్రం ఈ దృశ్యానికి పేరుపడిన చోటు.

కొండ కెమెరా కోసం ఆగుతుంది, అల ఆగదు. ఏ రెండు అలలూ ఒకేలా విరగవు. నురుగు మరీ ముందే లేస్తే ముద్ర వచ్చేసరికి తెర బోసిపోతుంది, ఆలస్యమైతే ముద్ర మునిగిపోతుంది. అందుకే తగిన అల దొరికేదాకా తీయాలి, తీసినవాటిలోంచి ఏరాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో రెండు దృశ్యాలను జతచేయడం ఆప్టికల్ ప్రింటర్ పని. సముద్రాన్ని తీసిన ఫిల్ము ఒకటి. నల్లని నేపథ్యం మీది ముద్రను, కెమెరాను దగ్గరకు జరుపుతూ ఫ్రేము ఫ్రేముగా తీసినది ఇంకొకటి. రెండిటినీ ఉన్నపళంగా కలిపితే ముద్రలోంచి నురుగు కనబడుతుంది. అలా కాకుండా, ముద్ర ఆకారం మేరకు నల్లగా మూసివుండే మాట్ అనే మరో ఫిల్మును అడ్డుపెట్టి, సముద్రంలో అంతమేర ఖాళీ వదులుతారు. తర్వాత ఆ ఖాళీలో ముద్రను నింపుతారు. ఫిల్ము వెంట్రుకవాసి కదిలినా అంచు వెంబడి గీత వణుకుతుంది.

తోయె 1957లో జపాన్ తొలి స్కోప్ (వెడల్పు తెర) సినిమాను విడుదల చేసింది. వెడల్పు తెరకు ఫుజి లాంటి కొండ కన్నా అడ్డంగా పరుచుకునే సముద్రమే బాగా నప్పుతుంది. ఈ కెరటం వెనక ఏ సినిమా వచ్చినా దాని అర్థం కాస్త మారుతుంది. కింజి ఫుకసాకు 1973లో తీసిన ‘బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ’ అణుబాంబు పొగమేఘం ఫొటోతో మొదలవుతుంది. నురుగు పైకి లేచిన తెర మీదనే ఆ పొగ లేవడం చూస్తే ముద్రకూ కథకూ మధ్య అతుకు కూడా దర్శకుడి చేతిలో పనిముట్టేనని తెలుస్తుంది. ‘వన్ పీస్’ బొమ్మల సినిమాల ముందూ ఇదే కెరటం వస్తుంది. సముద్రపు దొంగల కథకు అది అయాచితంగా దొరికిన నాంది.

బొమ్మల సినిమాల స్టూడియోలు సొంత పాత్రలనే ముద్రలుగా చేసుకున్నాయి. తోయె యానిమేషన్ తన 1969 సినిమాలోని బూట్ల పిల్లి పెరోను పెట్టుకుంది. 1985లో మొదలైన జిబ్లి స్టూడియో నీలిరంగు మీద తెల్లగీతలతో తొతొరో బొమ్మను నిలిపింది. బొమ్మను నడిపించడంలో అంత పేరున్న స్టూడియో ముద్ర కదలదు, మోగదు. మిగతావాళ్ల హోరు పక్కన ఈ నిగ్రహం ఎక్కువ ఆత్మవిశ్వాసంగా కనిపిస్తుంది.

ఇప్పుడు జపాన్‌లో చాలా సినిమాలకు టీవీ చానళ్లు, ప్రచురణ సంస్థలు, ప్రకటన సంస్థలు కలిసిన నిర్మాణ కమిటీలు పెట్టుబడి పెడుతున్నాయి. దాంతో ముందు వచ్చే ముద్ర చాలాసార్లు తీసినవారిది కాక పంపిణీదారుది అవుతోంది. తమ స్టూడియోలో, తమ జీతగాళ్లతో తీసిన సరుకు మీద వేసిన ముద్ర అన్న పాత అర్థం అంతమేరకు పలచబడింది. 2016లో వచ్చిన ‘షిన్ గాడ్జిల్లా’ తోహో కొత్త ముద్ర వెంటనే పాతకాలపు ముద్రనూ చూపించి, ఆపైన 1954 నాటి అడుగుల చప్పుడును వినిపించింది.