కుసి, బెజ్జం, నడుమ ఆకాశం

గుడివాడ నుంచి బందరు దాకా, అక్కడి నుంచి దివిసీమలోకి, పాత ఊళ్లలో ఇంకా మండువా లోగిళ్లు మిగిలి ఉన్నాయి. అలాంటి ఇల్లు కనబడితే అరుగు మీద కాసేపు కూర్చోకుండా రాలేను. ఇంటివాళ్లు లోపలికి రమ్మంటారు. వెళ్లాక ఎత్తిన మెడ దించను. దూలాలు చూస్తూ ఉండిపోతాను.

మండువా అంటే ఏమిటో మన పిల్లలకే చెప్పాల్సి వస్తోంది. నాలుగు వైపులా వసారాలు, గదులు, నడుమ ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికి వాలి వాననీటిని నడిమి గుంటలోకి దించుతాయి. ఆ కప్పులు కలిసే లోపలి మూలలే వడ్రంగికి అసలు పరీక్ష. రెండు కప్పుల నీళ్లూ ఒక్క చోటికే ఉరికి వస్తాయి. అక్కడ వాసం కోత వెంట్రుకవాసి తప్పితే పెంకు సరిగ్గా కూర్చోదు. నీరు దిగి వాసం చివుకుతుంది. ఆ ఏటవాలు కోతను నేల మీద ముగ్గుపిండితో గీసుకుని, పురికొస లాగి చూసుకుని, బాడితతో చెక్కి తీసుకొచ్చారు మనవాళ్లు. ఎంత చేయి! ఎంత కన్ను!

కలప సంగతి పెద్దలు చెప్పిందే నేనూ చెబుతాను. కలిగినవాళ్లకి రంగం (రంగూన్) నుంచి ఓడల్లో వచ్చిన టేకు, లేనివాళ్లకి చేవదేరిన తాటి. గోడకి గానుగ ఆడించిన గుల్లసున్నం. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, ఆ తర్వాత వరి పండింది, డబ్బు వచ్చింది, ఇళ్లు లేచాయి.

చేతిపని మీద ఇలాంటి మమకారమే అటు ఇంగ్లండులోనూ పుట్టింది. అక్కడి కవి, కళాకారుడు విలియం మారిస్ యంత్రపు సరుకు మీద విసిగి, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ చేత 1860కల్లా రెడ్ హౌస్ అనే ఇల్లు కట్టించుకున్నాడు. కర్ర కర్రలా, ఇటుక ఇటుకలా కనబడాలన్నది వాళ్ల పట్టుదల. దాన్ని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం అన్నారు. ఆ గాలి మనకీ తగిలింది. మారిస్ పుస్తకాలు అచ్చయిన ప్రెస్సు మీదే కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1908లో సింహళ కళల గ్రంథం వేశాడు. ఆయనతో కలిసి నాట్యగ్రంథం అభినయదర్పణాన్ని 1917లో ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చదువుతో పాటు చేతిపనీ నేర్పాలని కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచింది మన బందరులోనే. అయితే మారిస్ ఉద్యమం చేసి రాబట్టుకోవాల్సిన పనితనం మన వడ్రంగి ఇంట్లో అప్పటికే పొద్దున్నే లేచి బాడిత పదును పెట్టుకుంటోంది.

అవనిగడ్డ దగ్గర ఒక లోగిలిలో పన్నెండు స్తంభాలు ఉన్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాటి మొదళ్లు ఉప్పునీళ్లలో నాని, తర్వాత కొన్నేళ్లకి చివికాయి. ఊరి వడ్రంగి ఒకాయన దూలానికి ఊతకర్రలు పెట్టి, ఒక్కో స్తంభానికీ అడుగున రెండడుగుల మేర కోసి, కొత్త కర్ర అతికాడు. ఏటవాలు కోత, లోపల బెజ్జంలో దూరే కుసి, అడ్డంగా కర్రచీల. అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. గోటితో తడిమితే సన్నని గీత తగులుతుంది. మేకు ఎందుకు కొట్టలేదని అడిగాను. “ఉప్పుగాలి బాబూ. మేకు తుప్పు పట్టుద్ది. కర్రని కర్రే పట్టుకోవాల,” అన్నాడాయన. లోగిళ్లు కావాలంటే సినిమావాళ్లు గోదావరి దాటి కోనసీమకి పోతారు. పోనీండి. ఉప్పెన తిన్న స్తంభాన్ని ఇల్లు దించకుండా నిలబెట్టిన చేయి మా కృష్ణా జిల్లావాళ్లదే.

మొన్న మళ్లీ వెళితే ఆ పన్నెండింటి మీదా సుద్దముక్కతో అంకెలు వేసి ఉన్నాయి. బేరం కుదిరిందట. ఎక్కడో రిసార్టుకి.

కడుపు మండిపోయింది. ఇంకో పక్క ‘మండువా స్టైలు’ అంటూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. సిమెంటు గొట్టాలకి టేకు రంగు, అచ్చుపోసిన బోదెలు, నడిమి గుంట మీద పారదర్శకపు రేకు! ఆకాశాన్నే మూసేశాక అది మండువా ఎలా అవుతుంది? వాన పడనివ్వని ఇంటికి ఆ పేరు పెట్టడం పేరుని దొంగిలించడమే. డబ్బు లేక చేస్తున్నారా అంటే, ఆ నకిలీకి పోసే డబ్బుతో పాత కప్పు తిరగనేయించవచ్చు. లేనిది డబ్బు కాదు, గురి. పని అడిగేవాళ్లు లేక వడ్రంగుల పిల్లలు ప్లైవుడ్ అల్మరాలకి పోయారు. చేయి మరిచిపోయిన పనిని ఏ పుస్తకం తిరిగి నేర్పుతుంది?

లోగిలి ఉన్నవాళ్లకి చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. పడగొట్టేవాడిని పిలిచే ముందు ఒక ముసలి వడ్రంగిని పిలవండి. దూలం తట్టి చూడమనండి. చెద ఉందో చేవ ఉందో చప్పుడు వినే చెబుతాడు. ఏటా వానలకి ముందు పెంకు సర్దించండి, లోపలి మూలల్లో ఆకు తీయించండి. ఇక ఉంచలేమనుకుంటే కప్పు దించకముందే కొలతలు తీయించండి, ప్రతి అతుకూ బొమ్మ గీయించండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.