ఇద్దరి తగాదాగా మారిన దేశం చర్చ

ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం మీద 1996లో నీల్ జోర్డాన్ తీసిన సినిమా 'మైకేల్ కాలిన్స్'. వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ అందుకుంది. తెల్లదొరల మీద ఎత్తిన తుపాకులు చివరికి తోటివాళ్ల మీదికే తిరగడం చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. ఆ మేరకు మంచి సినిమాయే. కానీ దేశమంతా చేసిన చర్చను ఇద్దరు నాయకుల తగాదాగా కుదించేసింది.

1921 డిసెంబరు 6న లండన్‌లో కాలిన్స్ సంతకం పెట్టిన ఒప్పందం ఐర్లండ్‌కు సొంత ప్రభుత్వం ఇచ్చింది. అయితే శాసనసభ్యులు బ్రిటిష్ రాజుకు విధేయులమని ప్రమాణం చేయాలి. ఇది మొదటి మెట్టు, ఎక్కుదాం అన్నాడు కాలిన్స్. కుదరదన్నాడు డి వలేరా. 1922 జనవరి 7న సభలో 64 మంది అవునన్నారు, 57 మంది కాదన్నారు.

ఆ సభలో ఉన్న ఆరుగురు ఆడవాళ్లూ కాదన్నవాళ్లే. వాళ్లలో మేరీ మాక్‌స్వీనీ తమ్ముడు 1920లో బ్రిటిష్ జైల్లో 74 రోజులు అన్నం మాని ప్రాణం విడిచాడు. ఆమె సభలో రెండు గంటలకు పైగా మాట్లాడింది. ఆ గొంతు సినిమాలో లేదు. ఆడవాళ్లలో చెప్పుకోదగ్గ పాత్ర కాలిన్స్ ప్రేమించిన కిట్టీది ఒక్కటే.

డి వలేరానేమో ప్రతినాయకుణ్ణి చేశారు. 1922 ఆగస్టు 22న కాలిన్స్‌ను మాటువేసి చంపడంలో ఆయన చేయి ఉందేమో అనిపించేలా దృశ్యాలు అల్లారు. దానికి ఆధారం లేదు. కాలిన్స్‌కు రహస్యాలు అందించిన పోలీసు నెడ్ బ్రాయ్‌ను తెరమీద చంపేశారు. నిజానికి బ్రాయ్ 1972 దాకా బతికాడు. 1933లో డి వలేరా ప్రభుత్వమే ఆయన్ను పోలీసు శాఖకు అధిపతిని చేసింది!

అదే ఏడాది డి వలేరా ఆ ప్రమాణాన్ని చట్టం ద్వారా తీసేశాడు. అంటే కాలిన్స్ చూపిన మెట్టు పనికొచ్చింది. మరోపక్క, ఒప్పందాన్ని సమర్థించిన ప్రభుత్వం అంతర్యుద్ధంలో 70 మందికి పైగా ఖైదీలను కాల్చి చంపింది. అంటే మేరీ లాంటివాళ్ల భయమూ ఉత్తది కాదు. ఈ రెండూ పక్కపక్కన పెడితేనే చర్చ అవుతుంది.

మన్యం తిరుగుబాటు కథ చెప్పేటప్పుడు గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు వెనక్కి పోవడం మనకు కొత్త కాదు. అందుకే చరిత్ర సినిమా ఏది చూసినా, నాయకుడు ఎవరని అడిగి ఊరుకోకూడదు. ఆనాడు ఇంకా ఎవరెవరు మాట్లాడారో, వాళ్ల మాట ఎందుకు తీసేశారో అడగాలి.