ముంగిలి చుట్టూ ఒకటి, కొండ మీద ఒకటి

చౌమహల్లా, ఫలక్‌నుమా రెండూ నిజాముల ప్యాలెస్‌లుగానే పేరుపడ్డాయి. రెండూ హైదరాబాద్ పాతబస్తీ వైపే ఉన్నాయి, మధ్య దూరం ఐదు కిలోమీటర్లు. పుట్టుకలో మాత్రం పోలిక లేదు.

చౌమహల్లా ఒక్కరి నక్షా కాదు. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టిస్తే, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి, అంటే 1857–69 మధ్యకు గానీ పూర్తికాలేదు. అందుకే ఒకచోట పారశీక ఛాయ, మరోచోట యూరప్ తరహా స్తంభాలు. అతుకుల బొంతలా ఉండాల్సింది. కానీ నడిమి ముంగిలి, అందులోని నీళ్లు అన్నింటినీ ఒక్కటిగా పట్టి ఉంచాయి. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ మహళ్లు నాలుగూ ఆ ముంగిలి చుట్టూనే నిలబడ్డాయి. మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు ఈ అమరిక కొత్తగా అనిపించదు. ఇల్లు తన మధ్యలోకి తాను చూసుకునే పద్ధతి ఇది. ఇక్కడి ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం షాండ్లియర్లను అందరూ తలెత్తి చూస్తారు. నా కళ్లు మాత్రం కమానుల మీది గచ్చు పని దగ్గరే ఆగిపోతాయి. సున్నంతో అంత సున్నితం సాధించిన చేతులకు ఏ గాజు వెలుగూ సాటిరాదు.

ఫలక్‌నుమా కట్టించింది నిజాం కాదు, పైగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా. 1884లో శంకుస్థాపన జరిగింది, పదేళ్ల లోపే భవనం లేచింది. నక్షా ఆంగ్లేయుడు విలియం వార్డ్ మారెట్‌ది. తర్వాత ఆ ప్యాలెస్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఇటలీ పాలరాయి, విండ్సర్ కోట నమూనాలో గ్రంథాలయం, 101 మంది కూర్చునే భోజనాల బల్ల: అన్నీ అతిథి మెచ్చాలని సమకూర్చినవే. పనితనంలో లోటు లేదు, అభిరుచి మాత్రం అరువుది. దాని అసలు సొగసు అది నిలిచిన కొండ. మేడ మీద నిలబడితే నగరమంతా పాదాల కింద పరుచుకుంటుంది.

నా తీర్పు చౌమహల్లాకే. ఫలక్‌నుమా నగరాన్ని పైనుంచి చూస్తుంది, చౌమహల్లా నగరంలోనే ఉండి పెరిగింది.

2010 నుంచి ఫలక్‌నుమా హోటల్. మరమ్మతుల తర్వాత 2005లో తలుపులు తెరిచిన చౌమహల్లాకు టికెట్ కొని ఎవరైనా వెళ్లవచ్చు. చార్మినార్ చూడవచ్చినవాళ్లు లాడ్ బజార్ గాజులు కొని వెనుదిరగకండి, ఇంకాస్త నడవండి. చౌమహల్లా ఒకప్పటి 45 ఎకరాల్లో ఇప్పుడు మిగిలింది 12.