పరీక్షకు ముందే రాసివ్వాలి

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోది. 2016 మే 23 ఉదయం అక్కడి నుంచి రెక్కలున్న వాహనం ఒకటి రాకెట్ నెత్తినెక్కి ఎగిరింది. ఆర్‌ఎల్‌వీ-టీడీ దాని పేరు. 65 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో వాతావరణంలోకి తిరిగొచ్చి, బంగాళాఖాతంలో దిగింది. ఎత్తు గురించీ వేగం గురించీ మనం బాగానే చెప్పుకున్నాం. ఆ రెక్కలు విరగవని ముందుగా లెక్కగట్టిన వాళ్ల పని మాత్రం మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి తెర మీది రంగుల బొమ్మగానే తెలుసు. ఎర్రగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, నీలంగా ఉన్నచోట తక్కువ, అంతే. నన్నడిగితే, పరీక్షకు ముందే ఫలితం ఇంత అని రాసిచ్చి, దానికి పూచీ పడటంలోనే స్ట్రక్చరల్ సిమ్యులేషన్ అనే వృత్తి ఉంది. బొమ్మ ఎవరైనా గీయగలరు.

కాయలు విరగకాసిన మామిడికొమ్మ కిందికి వంగినప్పుడు దాని పైభాగం సాగుతుంది, అడుగుభాగం నొక్కుకుంటుంది. ఎగిరే విమానం రెక్కది దీనికి తలకిందులు. గాలి పైకి ఎత్తుతుంది కాబట్టి కింది తొడుగు సాగుతుంది, పై తొడుగు నొక్కుకుంటుంది. సాగేదానికి పగుళ్ల భయం, నొక్కుకునేదానికి ముడతపడే భయం. రెక్కను వేల ముక్కలుగా ఊహించుకుని ఈ రెంటినీ లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి పునాది పడింది కూడా విమానాల దగ్గరే. బోయింగ్‌లో రెక్కల లెక్కలతో కుస్తీపట్టిన టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ 1956లో ప్రచురించిన వ్యాసమే ఆ పునాది. పొరలు పొరలుగా అతికే కాంపోజిట్ పలకల లెక్కకు 1984లో మెరుగైన సిద్ధాంతం ఇచ్చిన జె.ఎన్. రెడ్డి ఉస్మానియాలో చదివిన మన తెలుగువాడే.

ఇంత శాస్త్రం సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండగా మనిషి అంచనా ఎందుకని అడగవచ్చు. కంప్యూటర్ కూడికల్లో తప్పు చేయదు, నిజమే. కానీ ఏ వివరాన్ని వదిలేయాలో, రెక్క మొదలు ఎంత బిగువుగా ఉన్నట్టు అనుకోవాలో దానికి చెప్పేది మనిషి. 2009లో బోయింగ్ 787 రెక్క ఒంటికి అతికే చోట, భూమి మీది పరీక్షలో, లెక్క చెప్పినదానికంటే ఎక్కువ ఒత్తిడి కనిపించింది. ఆ చోటును బలపరిచాకే, డిసెంబరు 15న విమానం తొలిసారి ఎగిరింది. అలాంటప్పుడు నేరుగా పరీక్షే చేసుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. పూర్తి రెక్కను విరిచే పరీక్ష ఏ ఒకటి రెండు భార పరిస్థితులకో చేయగలం. గాలి కుదుపు, మలుపు, ఇంధనం హెచ్చుతగ్గులు కలిస్తే వేల పరిస్థితులు. వాటిలో ఏది ప్రమాదకరమో ఏరి పెట్టేది లెక్కే. ఇక, ఊహించిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్న నియమం ఉంది కదా, చిన్న పొరపాట్లను అదే కాస్తుందన్న ధీమా ఒకటుంది. ఈ ధీమా నాకు అసలు నచ్చదు. 2006లో ఎయిర్‌బస్ ఎ380 రెక్క 1.45 రెట్ల దగ్గరే విరిగింది. లోటు మూడు శాతమే. అయినా కొంత బలం చేర్చి, పరీక్ష కొలతలతో లెక్కను సరిచూసి, నియమానికి తగినట్టు నిరూపించాకే అనుమతి దొరికింది. ముందుగా రాసిన అంకెలు చేతిలో లేకపోతే, ఏది సరిచూసేవాళ్లు?

చిత్తూరు, తిరుపతి పిల్లలకు బెంగళూరు కొన్ని గంటల దూరం. విమాన సంస్థలైన హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్ అక్కడే ఉన్నాయి, ఉద్యోగాలూ అక్కడే. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ నేర్పే కోర్సులకు గిరాకీ. నేర్చుకోవద్దని అనను, అది రాకపోతే ఇంటర్వ్యూ గడప దాటలేరు. కాలేజీ ప్రాజెక్టుల్లో మాత్రం ఒక షరతు పెట్టమంటాను: సాల్వ్ బటన్ నొక్కే ముందు రెక్క కొస ఎంత పైకి లేస్తుందో చేత్తో లెక్కేసి, కాగితం మీద రాసి గైడుకు ఇవ్వాలి. ఒక చివర బిగించిన దూలం సూత్రం రెండో సంవత్సరం పుస్తకంలోనే ఉంది. దాని జవాబు అసలు రెక్కకు అచ్చంగా సరిపోదు. ఎందుకు సరిపోలేదో వైవాలో చెప్పగలిగిన వాళ్లకే ఎక్కువ మార్కులు వేయాలి.