పరిశోధన నుంచి పాఠకుడి దాకా: చేకూరి రామారావు రచనా పద్ధతి

ప్రస్తావన

విశ్వవిద్యాలయ పరిశోధన సిద్ధాంత గ్రంథాలకే పరిమితమైపోతోందన్న ఫిర్యాదు తెలుగులో తరచు వినిపిస్తుంది. ‘సరళంగా రాయాలి’ అన్న సలహా దాని వెంటే వస్తుంది. సరళత అంటే పరిభాషను తొలగించడమా, నిరూపణను పాఠకుడికి అందుబాటులోకి తేవడమా అన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న. చేకూరి రామారావు (1934-2014) రచనలు ఈ చర్చకు తగిన ఆధారం.

నిరూపణలో పాఠకుడి పాత్ర

కోర్నెల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో డాక్టరేట్ పొంది, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన చేరా, పరివర్తన వ్యాకరణ దృష్టితో ‘తెలుగు వాక్యం’ (1975) రచించారు. సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాల నిర్మాణాన్ని తెలుగులోనే వివరించిన గ్రంథమిది. సిద్ధాంతం కొత్తదే అయినా, దానికి ఆధారం నిత్యవ్యవహారంలోని వాక్యాలే. ఉదాహరణకు, ‘అది మా ఊరు’ అన్న వాక్యంలో క్రియ కనిపించదు. దానికి వ్యతిరేకం ‘అది మా ఊరు కాదు’. ‘వాడు ఊళ్ళో ఉన్నాడు’ అన్నదానికి వ్యతిరేకం ‘వాడు ఊళ్ళో లేడు’. ‘కాదు’, ‘లేడు’ అనే రూపాలను తారుమారు చేస్తే వాక్యం చెడుతుందని ఏ తెలుగు పాఠకుడైనా చెప్పగలడు. అందువల్ల ఇటువంటి విషయంలో పాఠకుడు వినేవాడు మాత్రమే కాడు, పరీక్షకుడు కూడా. సూత్రం నిలవకపోతే ప్రత్యుదాహరణ చూపగలడు.

‘చేరాతలు’ శీర్షికతో ఆంధ్రజ్యోతి దినపత్రికలో సమకాలీన కవిత్వం గురించి రాసినప్పుడు ఆయన పాఠకవర్గం మరింత విస్తరించింది. కవితను మెచ్చుకోవడంతో ఆగక, దాని నిర్మాణాన్ని చూపే ప్రయత్నం అక్కడ కనిపిస్తుంది. వాక్యాన్ని విప్పి చూసిన అలవాటే కవితా పఠనానికీ తోడ్పడింది.

పరిమితి

అయితే ఈ రెండూ ఒకే తరహా నిరూపణలు కావు. వాక్యం సాధువా కాదా అన్న విషయంలో భాషావ్యవహర్తలు చాలావరకు ఏకీభవిస్తారు. కవిత విలువ విషయంలో అటువంటి ఏకాభిప్రాయం ఉండదు. పత్రికా శీర్షికలో ఒక కవికో, ఒక సంపుటికో చోటు దొరుకుతుంది గాని, పూర్వకవులతో తులనకూ, భిన్నాభిప్రాయాల పరిశీలనకూ దొరకదు. ఆ లోటును విమర్శకుడి పేరు పూరించే ప్రమాదం ఉంది. వ్యాకరణంలో సంపాదించిన ప్రామాణ్యం కవిత్వ నిర్ణయాలకూ సంక్రమిస్తే, పాఠకుడు పరీక్షకుడి స్థానం నుంచి మళ్ళీ శ్రోత స్థానానికి చేరుతాడు. కొత్త కవులకు స్వాగతం పలికే ఉద్దేశం ఎంత మంచిదైనా అది ప్రమాణాల చర్చకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ముగింపు

పరిశోధనను సమాజానికి చేర్చడమంటే నిర్ణయాలను తేలిక మాటల్లో ప్రకటించడం కాదు. జానపద సాహిత్య పరిశోధకుడు తన నిర్ధారణతో పాటు పాఠాంతరాలనూ, శాసన పరిశోధకుడు తన వ్యాఖ్యానంతో పాటు శాసనపాఠాన్నీ పాఠకుడి ముందుంచాలి. పాఠకుడు విభేదించడానికి కావలసిన సామగ్రి ఉన్న రచనే, అది ఎక్కడ అచ్చయినా, పరిశోధన అనిపించుకుంటుంది. ‘తెలుగు వాక్యం’ ఈ పరీక్షకు పూర్తిగా నిలుస్తుంది. ‘చేరాతలు’ నిర్మాణ విశ్లేషణ చేసినంత మేరకు నిలుస్తాయి.