దస్తర్‌ఖాన్ మీద గీతలు

దుబాయి వెళ్లిన తెలుగు ముస్లిం ప్రయాణికుడికి ఫోనులో తిండి తెప్పించుకునేటప్పుడు దొరికే మొదటి సుఖం, "యిది హలాలేనా?" అని అడగక్కర్లేకపోవడం. అక్కడ హలాల్ మాంసమే మామూలు. పందిమాంసం వండేవాళ్లే విడిగా అనుమతి తీసుకుని విడిగా రాసి చెప్పుకోవాలి. యిక్కడ హోటలు గోడ మీద అక్షరాలు వెతికి, చాలక సర్వరుని గొంతు తగ్గించి అడిగి తినే మనిషికి యిది చిన్న సంగతి కాదు. మెజారిటీగా వుండడమంటే యేమిటో ఆకలేసినప్పుడే బాగా తెలుస్తుంది.

మాటలు కూడా మనవే అనిపిస్తాయి. యాప్ పేరు తలబాత్. అరబ్బీలో ఆర్డర్లు అని అర్థం. చాయ్ తలబ్ పుట్టిందనే మన యిళ్లలో ఆ మాట కొత్తది కాదు. యిల్లు గుర్తుపట్టడానికి భవనాలకు అతికించే పదంకెల నంబరు పేరు మకానీ, అంటే నా చోటు. నాలుగు రోజులుండి పోయేవాడికి కూడా నా చోటే! తలబాత్ 2004లో కువైట్‌లో పుట్టి, తర్వాత జర్మనీ కంపెనీ డెలివరీ హీరో చేతికెళ్లింది. పేరు మనదయినంత మాత్రాన తెర మనది కాదు.

ఆ తెర మీద తిండికి గడులున్నాయి. ఇండియన్, పాకిస్తానీ, అరబిక్. దోసె ఇండియన్ గడిలో దొరుకుతుంది. నిహారీ, పాయా, హలీం కావాలంటే చాలాసార్లు పాకిస్తానీ గడి తెరవాలి. హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని తాత హరీస్‌ని నిజాం కొలువులోని అరబ్బు సిపాయీల వాళ్లు మన వూరికి తెచ్చారంటారు. వాళ్ల వారసులున్న బార్కాస్‌లో యిప్పటికీ పొద్దున్నే హరీస్ తింటారు. ఎమిరేట్స్, సౌదీ, ఒమన్‌ల పేరు మీద 2023లో అదే హరీస్ యునెస్కో జాబితాకెక్కింది. అరబ్బు నుంచి హైదరాబాదుకి, అక్కడినుంచి గల్ఫుకి తిరిగొచ్చిన వంట యే దేశానిది? గడి గీసినవాడికి మన మీద ద్వేషమేమీ లేదు, వ్యాపారం సులువవాలని గీశాడు. కానీ "పాకిస్తాన్ పొండి" అని మనల్ని తిట్టేవాళ్ల కోరిక మన గిన్నె విషయంలో యే గొడవా లేకుండా తీరిపోయింది. పైగా ఆ గడిని నొక్కి తెప్పించుకునేది మనమే.

గిన్నె సంగతి సరే, మోసుకొచ్చే మనిషి మాటో? పెషావరు వాడు కావచ్చు, సిల్హెట్ వాడు కావచ్చు, మన జగిత్యాల వాడూ కావచ్చు. 2019లో జబల్‌పూర్‌లో వొకాయన, అదే యేడు హైదరాబాదులో యింకొకాయన, తెచ్చినవాడు ముస్లిమని అన్నం వద్దన్నారు. అప్పుడు మనం రగిలిపోయాం, రగలాల్సిందే. దుబాయిలో ఆ భయం లేదు. అక్కడ రఫీక్ అయినా రాజు అయినా వొకటే, యెందుకంటే తినేవాడు పేరే చదవడు. 2022 మే నెలలో ఆ వూళ్లో డెలివరీ కుర్రాళ్లు, సమ్మె చట్టవిరుద్ధమైన చోట, కూలి కోసం పని ఆపేశారు. తలబాత్ వాళ్లూ ఆపారు. చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టమన్న హదీసు మన పిల్లలకీ తెలుసు. హలాల్ గురించి రాసే మనవాళ్లు మాత్రం కత్తి దగ్గర మొదలుపెట్టి ప్లేటు దగ్గర ఆపేస్తారు. మధ్యలో బైకు కనపడదు.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు యెండలో పని చేయించకూడదని నియమం వుంది. తిండి తెచ్చే బైకులు మాత్రం ఆ గంటల్లోనూ తిరుగుతూనే వుంటాయి. భోజనం ఆర్డర్లు వచ్చే వేళ అదే మరి.